సరుకు వ్యానుకు గ్యాస్ కిట్: లెక్క నుంచి ట్యూనింగ్ దాకా

పెట్రోలు వ్యానుకు గ్యాస్ కిట్ పెట్టిస్తే ఇంధనం ఖర్చు బాగా తగ్గుతుంది. అలా మిగిలిన డబ్బు చేతిలో నిలుస్తుందా, రెండేళ్లకు ఇంజను వాల్వుల పనికే పోతుందా అన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. బిగించేనాటికి ఇంజను ఎలా ఉంది? నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు చాలినంత గ్యాస్ అందేలా ట్యూన్ చేశారా? కిట్ కంపెనీ పేరు వీటి తర్వాతే.

ముందుగా ఒక హద్దు. అధిక పీడనంలో ఉండే సిలిండరు, వాల్వు, పైపుల పని లైసెన్సు ఉన్న ఫిట్టర్లే చేయాలి. చాలా దేశాల్లో చట్టం కూడా అదే చెబుతుంది. ఇంజను పరీక్ష, కిట్ ఎంపిక, పని జరిగేటప్పుడు పర్యవేక్షణ, తర్వాతి నిర్వహణ మాత్రం బండి యజమానికి తెలిసి ఉండాల్సినవే.

ఏ గ్యాస్, ఎంత మిగులు

సీఎన్‌జీలో ప్రధానంగా ఉండేది మీథేన్. దాన్ని 200 బార్ల ఒత్తిడితో సిలిండరులో నింపుతారు, కేజీల లెక్కన అమ్ముతారు. ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. అది మామూలు వాతావరణంలో 5 నుంచి 10 బార్ల ఒత్తిడికే ద్రవంగా ఉంటుంది.

ఒక కేజీ సీఎన్‌జీలో ఉండే శక్తి సుమారు 1.4 నుంచి 1.5 లీటర్ల పెట్రోలుకు సమానం. ఎల్‌పీజీ అయితే లీటరుకు పెట్రోలు కంటే తక్కువ శక్తి ఇస్తుంది కాబట్టి 20 నుంచి 25 శాతం ఎక్కువ లీటర్లు కాలుతుంది. అంటే పెట్రోలు మీద లీటరుకు 12 కి.మీ. ఇచ్చే వ్యాను సీఎన్‌జీ మీద కేజీకి 17 కి.మీ., ఎల్‌పీజీ మీద లీటరుకు 9.5 కి.మీ. దగ్గర ఇస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. లీటరు పెట్రోలు ధర 100 అనుకోండి. కిలోమీటరుకు 8.33 పడుతుంది. కేజీ సీఎన్‌జీ 85 అయితే కిలోమీటరుకు 5, లీటరు ఎల్‌పీజీ 60 అయితే 6.32. కిట్ ఖర్చు 500 లీటర్ల పెట్రోలు ధరకు సమానం అనుకుంటే సీఎన్‌జీ మీద దాదాపు 15 వేల కి.మీ.కు, ఎల్‌పీజీ మీద 25 వేల కి.మీ.కు కిట్ డబ్బు తిరిగొస్తుంది. మీ ఊళ్లో ధరలు వేసి ఇదే లెక్క చేయండి. లీటరు ఎల్‌పీజీ ధర పెట్రోలు ధరలో 80 శాతానికి దగ్గరగా ఉంటే ఆ ఆలోచనే మానుకోవడం మేలు.

ఈ లెక్కలో చాలామంది వదిలేసేది ఒకటుంది. బండి పెట్రోలు మీదే స్టార్టయి, ఇంజను వేడెక్కాకే గ్యాస్‌కు మారుతుంది. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగి, ఇంజను చల్లారాక మళ్లీ కదిలే డెలివరీ బండి దారిలో సగం పెట్రోలు మీదే నడుస్తుంది. అలాంటి పనికి గ్యాస్ పెట్టించి పెద్దగా ఒరిగేది లేదు. ఏకబిగిన తిరిగే బండికే ఇది కలిసొస్తుంది.

బరువు, చోటు కూడా చూసుకోవాలి. 60 లీటర్ల ఉక్కు సీఎన్‌జీ సిలిండరు ఒక్కటే 60 కేజీలకు పైగా తూగుతుంది. అందులో పట్టే గ్యాస్ 10 కేజీలు. వేడి రోజున వేగంగా నింపితే 8, 9 కేజీలకే ముల్లు 200 బార్లు చూపిస్తుంది. సిలిండరు చల్లారాక ఆ ముల్లు కిందికి దిగుతుంది. అంటే ఒక్క సిలిండరుతో 150 కి.మీ. చుట్టుపక్కలే. ఎల్‌పీజీ ట్యాంకు దీనికంటే చాలా తేలిక. వేడికి ద్రవం వ్యాకోచించడానికి చోటు ఉండాలి కాబట్టి అందులో 80 శాతమే నింపుతారు. 60 లీటర్ల ట్యాంకులో 48 లీటర్లు పోస్తే 450 కి.మీ. వెళ్లొచ్చు. ట్యాంకు, బ్రాకెట్ల బరువంతా మీరు మోయగల సరుకులోంచి తగ్గేదే. రిజిస్ట్రేషన్‌లో రాసిన మొత్తం బరువు పెరగదు.

ఏ ఇంజనుకు పడుతుంది

మానిఫోల్డులోకి, అంటే ఇంజను సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల్లోకి, పెట్రోలు చిమ్మే మామూలు మల్టీపాయింట్ ఇంజను దీనికి అన్నిటికంటే అనువైనది. పెట్రోలును నేరుగా ఇంజను సిలిండరులోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనుకు వేరే రకం కిట్ కావాలి. అందులో పెట్రోలు ఇంజెక్టర్ల మొనలు మంటలోనే ఉంటాయి కాబట్టి, అవి మాడిపోకుండా గ్యాస్ మీద ఉన్నప్పుడు కూడా కొంత పెట్రోలు పోతూనే ఉండాలి. ఆ మేరకు మిగులు తగ్గుతుంది.

డీజిల్ వ్యాను సంగతి వేరు. అందులో స్పార్క్ ప్లగ్గే లేదు, కంప్రెషన్ (పిస్టన్ సిలిండరులో నొక్కే ఒత్తిడి) కూడా గ్యాస్‌కు మరీ ఎక్కువ. పూర్తిగా మార్చాలంటే పిస్టన్లు, హెడ్ పని చేయాలి. డీజిల్‌తో పాటు కొంత గ్యాస్ కలిపి కాల్చే పద్ధతి ఉంది గానీ చిన్న వ్యానుకు ఆ ఖర్చు తిరిగిరావడం కష్టం.

కొన్ని కంపెనీలు గ్యాస్‌కు తగ్గట్టు గట్టి వాల్వులు, వాల్వు సీట్లు (మూసుకున్న వాల్వు ఆనే అంచులు) వేసిన ఇంజన్లు అమ్ముతాయి. మీ బండి ఇంజను కోడ్ చెప్పి సీట్లు ఏ రకమో కనుక్కోండి. మెత్తని సీట్లున్న ఇంజను మీద గ్యాస్ నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగిపోతుంది.

కిట్ కొనకముందు చేయాల్సిన పరీక్షలు

పెట్రోలు మీద బయటపడని లోపం గ్యాస్ మీద మొదటి వారంలోనే బయటపడుతుంది. అందుకే బండిని ముందు పెట్రోలు మీద నిక్కచ్చిగా చేసుకోవాలి.

కంప్రెషన్‌తో మొదలుపెట్టండి. ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు, ఇగ్నిషన్ రెండూ ఆపి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఇంజను సిలిండర్లలో ఒక్కోదాని ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి నాలుగైదు సెకన్లు స్టార్టర్ తిప్పండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే ఆగిపోవాల్సిందే. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది.

తర్వాత టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ. స్క్రూతోనో షిమ్ములతోనో సర్దే ఇంజనైతే కంపెనీ చెప్పిన పరిధిలో ఎక్కువ వైపుకే సెట్ చేసి, వచ్చిన అంకెలు రాసి పెట్టుకోండి. సీటు అరుగుతోందా లేదా అన్నది తర్వాత చెప్పేది ఆ కాగితమే.

ప్లగ్గులు కొత్తవి వేయండి. సిలిండరులో గాలి, గ్యాస్ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. పాత కాయిల్, పగుళ్లు పట్టిన ప్లగ్ వైర్లు పెట్రోలు మీద నెట్టుకొస్తాయి గానీ గ్యాస్ మీద బరువు పడగానే మిస్సింగ్ ఇస్తాయి. 1.1 మి.మీ. గ్యాప్ ఉన్న ప్లగ్గును 0.8 లేక 0.9కి తగ్గిస్తే కాయిల్ మీద భారం తగ్గుతుంది. ఇరిడియం ప్లగ్గయితే మొనను తాకకుండా పై కొమ్మును మాత్రమే వంచాలి.

థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడండి. అలా అయితే ఇంజను సరిగా వేడెక్కదు, బండి గ్యాస్‌కు మారదు.

ఇక స్కానర్ పెట్టి ఫ్యూయెల్ ట్రిమ్‌లు, అంటే ఇంజను కంప్యూటరు ఇంధనాన్ని ఎంత శాతం పెంచి, తగ్గించి దిద్దుకుంటోందో చెప్పే అంకెలు, చూడండి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ఐడ్లింగ్‌లోనూ, 2500 ఆర్‌పీఎం దగ్గరా ప్లస్ లేక మైనస్ 5 శాతంలో ఉంటే బాగున్నట్టే. ప్లస్ 12 చూపిస్తుంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ తప్పు చెబుతోంది. దాన్ని సరిచేయకుండా కిట్ బిగిస్తే ట్యూనింగ్ ఎప్పటికీ కుదరదు. ఈ అంకెలు కూడా అదే కాగితం మీద రాసుకోండి.

కిట్‌లో ఏముండాలి

ఒక్కో ఇంజను సిలిండరుకు వేరే ఇంజెక్టరుతో వరసగా గ్యాస్ ఇచ్చే సీక్వెన్షియల్ కిట్ తీసుకోండి. గ్యాస్‌ను ఒకేచోట గాలిలో కలిపే మిక్సర్ రకం చౌకే గానీ, ఇంజెక్షన్ ఇంజనులో మానిఫోల్డంతా మండే మిశ్రమంతో నిండి ఉంటుంది కాబట్టి ఒక్క మిస్‌ఫైర్‌కు ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిపోవచ్చు. కార్బొరేటర్ బండికి తప్ప అది వద్దు.

సీక్వెన్షియల్ కిట్‌లో సిలిండరు లేక ట్యాంకు, దాని మీద వాల్వు, గ్యాస్ నింపే వాల్వు, ఉక్కు లేక రాగి పైపు, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రిడ్యూసర్, ఫిల్టరు, ఇంజెక్టర్లు వరసగా ఉండే రైలు, మానిఫోల్డులో గ్యాస్ వదిలే నాజిళ్లు, ఇంజెక్టర్లను నడిపే గ్యాస్ ఈసీయూ (కంప్యూటరు), ఒత్తిడి, ఉష్ణోగ్రత సెన్సర్లు, డాష్‌బోర్డు స్విచ్చి ఉంటాయి. సీఎన్‌జీకి టైమింగ్ అడ్వాన్సర్ కూడా అవసరం. మీథేన్ నెమ్మదిగా మండుతుంది కాబట్టి స్పార్క్ కొన్ని డిగ్రీలు ముందే రావాలి. చాలా అడ్వాన్సర్లలో 6, 9, 12, 15 డిగ్రీల మెట్లు ఉంటాయి.

సిలిండరు మీద ముద్రలు చదవండి. సీఎన్‌జీ సిలిండరుకు ఐఎస్‌ఓ 11439 గానీ యూఎన్ రెగ్యులేషన్ 110 గానీ, ఎల్‌పీజీ ట్యాంకుకు రెగ్యులేషన్ 67 గానీ, లేదా మీ దేశం ఆమోదించిన ముద్ర గానీ ఉండాలి. సీరియల్ నంబరు, తయారైన తేదీ చెక్కి ఉంటాయి. నంబరు అరగదీసినట్టో, దాని మీద మళ్లీ రంగు వేసినట్టో కనిపిస్తే ఆ సిలిండరు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

బిగింపులో దగ్గరుండి చూడాల్సినవి

ప్రమాదంలో బండి ఒక్కసారిగా ఆగినప్పుడు సిలిండరు ముందుకు దూసుకొస్తుంది. వ్యాన్లకు రెగ్యులేషన్ 110, 67 రెండూ పెట్టిన లెక్క ప్రకారం బండి నడిచే దిశలో సిలిండరు బరువుకు 20 రెట్లు, పక్కలకు 8 రెట్లు బలాన్ని బిగింపు తట్టుకోవాలి. నిండు సిలిండరు 75 కేజీలైతే ఒకటిన్నర టన్నుల బలం. పల్చటి ఫ్లోర్ రేకుకు నాలుగు బోల్టులు వేస్తే రేకు చిరిగిపోతుంది. ఛాసిస్ మెంబరుకు బిగించాలి, లేదా రేకు కింద మందపాటి ప్లేటు వేయాలి. బ్యాండ్లకూ సిలిండరుకూ మధ్య నీళ్లు పీల్చని రబ్బరు ఉండాలి. గోనె ముక్కలు, గుడ్డ పెడితే తడి నిలిచి ఉక్కు అక్కడే తుప్పు పడుతుంది.

సిలిండరు సరుకు అరలో ఉంటే వాల్వు మీద గాలి చొరని కవరు వేసి, దాన్నుంచి బండి బయటికి గొట్టం తీయాలి. పైపు గానీ ట్యాంకు గానీ సైలెన్సరుకు 100 మి.మీ. కంటే దగ్గరగా వస్తే మధ్యలో వేడిని ఆపే రేకు తప్పనిసరి. జాక్ పెట్టే చోట పైపు పోకూడదు. సిలిండరు దగ్గరా రిడ్యూసరు దగ్గరా పైపును ఒక చుట్టు తిప్పి వదిలితే కుదుపులకు పగలదు.

రిడ్యూసరును ఇంజనుకు కాదు, బాడీకి బిగించాలి. కూలెంట్ ట్యాంకు మట్టానికి కిందనే ఉండాలి. పైన ఉంటే దానిలో గాలి చేరి వేడి అందదు. వేడి అందని రిడ్యూసరు మీద మంచు పేరుకుంటుంది, గ్యాస్ సరిగా రాదు. హీటర్ గొట్టాలకు టీ వేసి కూలెంట్ ఇచ్చాక గాలి పూర్తిగా తీసేయాలి.

నాజిళ్ల రంధ్రాలు వేసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. మానిఫోల్డును ఇంజను మీద ఉంచే డ్రిల్ చేస్తామంటే ఒప్పుకోకండి. బిట్‌కు గ్రీజు రాస్తే పొట్టు అంటుకుని పైకి వస్తుందంటారు. చాలావరకు వస్తుంది, కానీ లోపల పడిన ఒక్క అల్యూమినియం పొట్టు వాల్వు కింద ఇరుక్కుంటే చాలు. మానిఫోల్డు విప్పి బల్ల మీద పెట్టాలి. అన్ని రంధ్రాలూ వాల్వుకు వీలైనంత దగ్గరగా, ఒకే దూరంలో, ఒకే వాలులో ఉండాలి. రైలు నుంచి నాజిలుకు పోయే గొట్టాలన్నీ ఒకే పొడవుండాలి. 15 సెం.మీ. దాటకపోతే మంచిది. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే ఐడ్లింగ్‌లో వచ్చే ఆ చిన్న ఊపు ఏ ట్యూనింగ్‌కూ పోదు.

వైరింగులో పెట్రోలు ఇంజెక్టర్ల వైర్లను తెంపి గ్యాస్ ఈసీయూ మీదుగా కలుపుతారు. మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, టంకం వేసి హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాలి. వరస తప్పకూడదు. ఒకటో పెట్రోలు ఇంజెక్టరు సిగ్నలుకు ఒకటో గ్యాస్ ఇంజెక్టరే తెరుచుకోవాలి. వరస మారినా బండి నడుస్తుంది, అందుకే ఈ తప్పు దొరకదు. పికప్ ఇచ్చేటప్పుడు మాత్రం కుదుపు వస్తూనే ఉంటుంది.

మొదటిసారి కొద్దిగానే గ్యాస్ నింపి, ఆరుబయట సబ్బు నీళ్లతో ప్రతి జాయింటూ చూడండి. పెద్ద బుడగ వెంటనే కనిపిస్తుంది. సన్నని లీకయితే నిమిషం తర్వాత తెల్లని నురుగుగా చేరుతుంది, కాబట్టి తొందరపడి తుడిచేయకండి. తర్వాత నిండా నింపి మళ్లీ చూడాలి.

ట్యూనింగ్

డబ్బు మిగిలేదీ, వాల్వులు కాలిపోయేదీ ఇక్కడే. ఇంజను 80 డిగ్రీలు దాటాక ల్యాప్‌టాప్‌తో ఐడ్లింగ్‌లో ఆటో క్యాలిబ్రేషన్ చేస్తారు. చాలా చోట్ల పని అక్కడితో ముగించేస్తారు. అది సగం పనే.

పెట్రోలు ఈసీయూ (బండితో వచ్చిన ఇంజను కంప్యూటరు) ప్రతి క్షణం ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో లెక్కిస్తుంది. గ్యాస్ ఈసీయూ ఆ సమయాన్ని తీసుకుని ఒక గుణకంతో హెచ్చించి గ్యాస్ ఇంజెక్టరును తెరుస్తుంది. గ్యాస్ సరిపోయినంత వస్తుంటే, ఒకే వేగం, ఒకే బరువు దగ్గర పెట్రోలు ఈసీయూ లెక్క రెండు ఇంధనాల మీదా ఒకేలా ఉండాలి. గ్యాస్ మీద ఆ సమయం పెరిగితే మిశ్రమం పల్చగా ఉన్నట్టు, గుణకం పెంచాలి. తగ్గితే చిక్కగా ఉన్నట్టు, గుణకం తగ్గించాలి. అందుకే బండిని సరుకుతో రోడ్డు మీదికి తీసుకెళ్లి, ముందు పెట్రోలు మీద, తర్వాత అదే దారిలో గ్యాస్ మీద నడిపి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా సరిచేయాలి. చివర్లో ట్రిమ్‌లు మీరు రాసుకున్న పాత అంకెలకు దగ్గరగా రావాలి.

అయితే యాక్సిలరేటరు నిండా తొక్కినప్పుడు చాలా ఇంజన్లు ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే సెన్సరు మాట వినవు, ట్రిమ్‌లు దిద్దవు. అక్కడ గ్యాస్ చాలకపోతే హెచ్చరించేవాళ్లు ఉండరు. బండి కొంచెం మందగిస్తుంది, డ్రైవరు మరికాస్త తొక్కుతాడు, ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలుతుంది. దీన్ని పట్టుకునే లెక్క ఒకటుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక ఇంజను సిలిండరుకు పూర్తి చక్రం 20 మిల్లీసెకన్లలో ముగుస్తుంది, 5000 దగ్గర 24లో. నిండు బరువు మీద గ్యాస్ ఇంజెక్షన్ సమయం ఆ అంకెకు చేరితే ఇంజెక్టరు మూతపడకుండా తెరుచుకునే ఉంటోందని అర్థం. ఇక గుణకం ఎంత పెంచినా గ్యాస్ పెరగదు. నాజిల్ రంధ్రం పెద్దది చేయాలి, రిడ్యూసరు చిన్నదైతే పెద్దది వేయాలి. ఫిట్టరును ఈ అంకె చూపించమని అడగండి. మిశ్రమం ఎంత చిక్కనో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సరు పెట్టి చూసే షాపయితే ఇంకా నయం.

గ్యాస్‌కు మారే ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర పెట్టడం మామూలు. ఎల్‌పీజీ మీద ఇంకా తగ్గిస్తే పెట్రోలు కొంత మిగులుతుంది గానీ, ద్రవం ఆవిరి కాకుండానే ముందుకొచ్చి బండి ఆగిపోవచ్చు.

గ్యాస్ మీద పికప్ కొంత తగ్గడం సహజం. గ్యాస్ మానిఫోల్డులో గాలి చోటును ఆక్రమిస్తుంది. సీఎన్‌జీ మీద 10 శాతం దాకా తగ్గుతుంది, ఎల్‌పీజీ మీద అంతకంటే తక్కువ. 10 శాతం కంటే బాగా ఎక్కువ తగ్గిందనిపిస్తే ట్యూనింగ్‌లోనో స్పార్క్‌లోనో లోపముంది.

నడిపేటప్పుడు వచ్చే తేడాలు

ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ వస్తే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి. పెట్రోలుకు మార్చినా మిస్సింగ్ ఉంటే కిట్ తప్పు కాదు. ఇంజను లైటు వెలిగి పీ0171 కోడ్ వస్తే మిశ్రమం పల్చన, పీ0172 అయితే చిక్కన. మొదటిదానికి చాలాసార్లు కారణం మూసుకుపోయిన గ్యాస్ ఫిల్టరే. 10 నుంచి 15 వేల కి.మీ.కు దాన్ని మార్చేయాలి. ఎల్‌పీజీలో వచ్చే జిగట నూనె, సీఎన్‌జీలో పంపు కంప్రెసరు నుంచి వచ్చే ఆయిలు రిడ్యూసరులోనూ ఇంజెక్టర్లలోనూ పేరుకుంటాయి. ఐడ్లింగ్ నెమ్మదిగా చెడిపోతూ వస్తే రైలు విప్పి శుభ్రం చేయించి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి.

పొద్దున్నే స్టార్ట్ కావడానికి బండి మొరాయిస్తూ, వేడెక్కాక మామూలుగా ఉంటే టాపెట్ క్లియరెన్స్ కొలవండి. రాసుకున్న అంకె కంటే తగ్గిందంటే వాల్వు సీటులోకి దిగుతోంది. 20 నుంచి 30 వేల కి.మీ.కు ఒకసారి ఇది చూస్తే సర్దుబాటుతో పోతుంది. గ్యాప్ సున్నా అయ్యేదాకా వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి సీటుకు దిగదు, అంచు కాలి హెడ్ విప్పాల్సి వస్తుంది.

గ్యాస్ ఉంది కదా అని పెట్రోలు ట్యాంకు ఎండబెట్టకండి. చాలా బండ్లలో గ్యాస్ మీద కూడా పెట్రోలు పంపు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది పెట్రోలే. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచి, వారానికి ఒకసారి కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే ఇంజెక్టర్లు పట్టేయవు, పెట్రోలు పాతబడదు.

సిలిండరు బ్యాండ్ల బోల్టులు మొదటి వెయ్యి కి.మీ.కు ఒకసారి బిగించి చూడాలి. మీ దేశం చెప్పిన గడువుకు సిలిండరు పరీక్ష చేయించాలి. వెల్డింగ్‌కు గానీ, రంగు వేసి వేడి గదిలో ఆరబెట్టడానికి గానీ బండి ఇచ్చేటప్పుడు సిలిండరు తీయించేయండి. ఎల్‌పీజీ ట్యాంకు రిలీఫ్ వాల్వు 27 బార్ల దగ్గర తెరుచుకుంటుంది, సీఎన్‌జీ సిలిండరు ఫ్యూజు 110 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. మూసిన గదిలో అలా జరగకూడదు.

గ్యాస్ వాసన వస్తే బండి ఆపి, ఇంజను కట్టేసి, తలుపులన్నీ తెరిచి, అందరూ దూరంగా వచ్చాక సిలిండరు మీది చేతి వాల్వు మూయండి. ఏ స్విచ్చీ ముట్టుకోకండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీద పల్లానికీ మురుగు కాలువలోకీ పారుతుంది. అందుకే ఆ బండిని గుంట మీదా, సెల్లార్‌లోనూ పెట్టకూడదు. సీఎన్‌జీ తేలిక కాబట్టి పైకి పోతుంది, కప్పున్న షెడ్డయితే పైకప్పు కింద చేరుతుంది.

పని పూర్తయ్యాక ఫిట్టరు దగ్గర సిలిండరు సర్టిఫికెట్, బిగింపు సర్టిఫికెట్‌తో పాటు గ్యాస్ ఈసీయూలోని ట్యూనింగ్ ఫైలు కాపీ కూడా అడిగి తీసుకోండి. రిజిస్ట్రేషన్‌లో ఇంధనం రకం మార్పించి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, అప్పుడు బండికి సరుకు ఎత్తండి.